నీలం ఆకుల చెట్టు

ఇంగ్లండులో రెండు మూడు వందల ఏళ్ల కిందటి పెద్దిళ్లలో మంచాలకు వేలాడదీసిన తెరలు, పరుపుల మీద కప్పిన దుప్పట్లు ఇప్పుడు మ్యూజియాలకు చేరాయి. వాటిలో చాలావాటి మీద ఒకే రకం బొమ్మ కనిపిస్తుంది. గుట్ట మీద నుంచి ఒంపులు తిరుగుతూ లేచిన చెట్టు, దాని కొమ్మలకు ఏ నేలమీదా కలిసి పూయని పూలు. ఆ చెట్టు ఆకులు మాత్రం నీలంగా ఉంటాయి. చిత్రకారుడి చమత్కారమని చూసేవాళ్లు సరిపెట్టుకుంటారు. నిజానికి గుడ్డ మగ్గం దిగి, అద్దకం పూర్తయిన రోజున ఆ ఆకులు పచ్చగానే ఉన్నాయి. నీలిమందు రంగు మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చను రాబట్టేవారు మన అద్దకపువాళ్లు. ఎండకూ ఉతుకులకూ పసుపు వెలిసిపోయింది, నీలం నిలిచింది. పాత ఇంగ్లీషు బట్టల్లో నీలం ఆకు కనిపిస్తే, అది మన కోరమాండల్ తీరంలో పుట్టిన చీటిగుడ్డ, అంటే రంగుల అద్దకపు నూలుగుడ్డ, కావచ్చునని మొదట అనుమానించాలి.

పొదిలిలో కూర్చుని ఇంగ్లండు పాత బట్టల ముచ్చట ఎందుకంటే, ఆ కథ మన దగ్గరే మొదలైంది కనుక. పొదిలి నుంచి ఒంగోలు చేరి, చీరాల, బాపట్ల దాటి సముద్రం వైపు వెళితే నిజాంపట్నం వస్తుంది. పాశ్చాత్య వర్తకులు దాన్ని పేటపోలి అని రాసుకున్నారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ ఈ రేవుకు వచ్చింది, ఆ తర్వాత మచిలీపట్నానికి వెళ్లింది. మద్రాసులో కోట కట్టడానికి చాలా ముందే, మన తీరంలో బట్ట కొనడానికి ఇంగ్లీషువాళ్లు దిగారు. వారికి కావలసింది ప్రధానంగా రెండు: నేసిన గుడ్డ, దానిమీద చెదరని రంగు.

ఆ చెదరని ఎరుపుకు మూలం చిరివేరు. నేలకు అంటిపెట్టుకుని పెరిగే చిన్న మొక్క అది. ఇసుక నేలల్లో, గవ్వల సున్నం కలిసిన తీరాల్లో దాని వేరు బాగా రంగు తేలేది. పేటపోలి ప్రాంతపు చిరివేరుకు వర్తకుల్లో గొప్ప పేరుండేది. 1618లో మచిలీపట్నం వచ్చిన కంపెనీ ఉద్యోగి విలియం మెథ్వాల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసినప్పుడు ఈ వేరునూ, దానితో అద్దిన గుడ్డలనూ ప్రత్యేకంగా చెప్పాడు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీని బొమ్మ వేయించి, రంగు తీసే పద్ధతి వివరించాడు.

అద్దకం అనగానే కుంచెతో రంగు పూయడం అనుకుంటాం. ఇక్కడ జరిగేది అది కాదు. గుడ్డ మీద కలం పెట్టినప్పుడు అసలు రంగు కనిపించకపోవచ్చు, ఆ రంగు తర్వాత పుడుతుంది. ముందు తానును ఉతికి, పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి నీళ్లు చల్లుతూ చలువ చేస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచుతారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీత అటూ ఇటూ పాకదు, కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది. ఇక కసిం. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం అది. వెదురు కలానికి జుట్టో గుడ్డపీలికో చుట్టి, ఆ చుట్టును వేళ్లతో నొక్కుతూ కసింతో గీత గీస్తే, కరక్కాయ తగిలిన చోట అది నల్లగా మారుతుంది.

ఎరుపుకు ఇంకో దారి. ఎర్రగా ఉండాల్సిన పూరేకుల మీద పటిక నీళ్లు పూస్తారు. ఆ నీళ్లకు రంగుండదు, అందుకే ఎక్కడ పూశామో తెలియడానికి కొంచెం రంగు కలుపుకుంటారు. తర్వాత గుడ్డనంతా చిరివేరుతో కాగులో వేసి ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు కరుచుకుంటుంది, మిగతాచోట పైపైన అంటిన మసక పేడనీళ్లకూ ఎండకూ పోతుంది. పటిక చిక్కగా ఉంటే గాఢమైన ఎరుపు, పలచగా ఉంటే గులాబీ. పటికలో కసిం కలిపితే ఊదా, గోధుమ ఛాయలు. ఒకే కాగులోంచి ఇన్ని రంగులు తేవడం కళ్లారా చూసిన ఐరోపా వాళ్లు అబ్బురపడ్డారు. నీలిమందుకు మళ్లీ వేరే విద్య: నీలం అక్కర్లేని చోటల్లా కరిగించిన మైనం పూసి, గుడ్డను నీలికుండలో ముంచి తీస్తారు. గాలి తగిలాక గుడ్డ నీలమవుతుంది. చిట్టచివర పసుపు. దానికి పట్టు తక్కువ, అందుకే మన చెట్టు ఆకులు నీలమయ్యాయి.

మ్యూజియంలో ఉన్న పాత గుడ్డను దగ్గరగా చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. పూవు చుట్టూ ఉన్న నల్లగీత కొన్నిచోట్ల గుడ్డతో సహా రాలిపోయి ఉంటుంది. పూరేకు ఎర్రగా, చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని అంచు మాత్రం దారం తిన్నట్టు ఖాళీ. కసింలోని ఇనుము వందల ఏళ్లలో నూలును కొరికేసిందన్నమాట. చిరివేరు మాత్రం అలాగే ఉంది. ఈ రంగును ఇంతకన్నా మెచ్చుకోవడం ఎవరికి సాధ్యం?

ఈ విద్య ఎత్తుకెళ్లాలని ఐరోపా చాలాకాలం ప్రయత్నించింది. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నావికాధికారి పుదుచ్చేరిలో పని చూస్తూ, ప్రతి దశలోనూ ఒక గుడ్డముక్క కత్తిరించి పట్టుకెళ్లాడు. 1742లో జెసూట్ మతగురువు కూర్దూ ఈ పద్ధతులన్నీ ఉత్తరంలో రాసి ఫ్రాన్సుకు పంపాడు. మన భాష మీద పట్టున్నవాడాయన, తెలుగు నిఘంటువు కూర్చిన పండితుడు. అద్దకపువాళ్లతో మాట్లాడి ఇంత వివరం రాబట్టగలిగాడంటే భాష తెలియడం వల్లనే అని నా నమ్మకం.

బొమ్మ మాత్రం పూర్తిగా మనదని చెప్పలేం. 1643లో లండన్ కంపెనీ పెద్దలు సూరత్‌కు రాసిన ఉత్తరంలో ఎర్రనేల మీది పూలు తమకు నచ్చడం లేదనీ, తెల్లనేల మీద రంగుల పూలు కావాలనీ కోరారు. తర్వాత నమూనాలే పంపారు. ఆ నమూనాల్లో చైనా, పర్షియా, ఇంగ్లీషు కుట్టుపనుల ఛాయలు కలిసి ఉంటే, మనవాళ్లు వాటిని తమ చేతి ఒంపుతో దిద్దారు. అందుకే ఆ చెట్టు ఏ ఊరి చెట్టూ కాదు. దాని మీది రంగు మాత్రం మన తీరానిది.

గుడ్డ ఇంగ్లండు చేరాక ఏమైందో పటాలు చెబుతాయి. నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ దినచర్య రాసుకునేవాడు. 1663లో భార్య చదువుగది గోడలకు వేయడానికి అద్దకపు హిందూస్థానీ గుడ్డ కొన్నానని అందులో ఉంది. 1666లో జాన్ హేల్స్ చేత పటం వేయించుకున్నప్పుడు ‘ఇండియన్ గౌను’ అద్దెకు తెచ్చుకుని తొడుక్కున్నాడు. ఆ పటం లండన్ నేషనల్ పోర్ట్రయిట్ గ్యాలరీలో ఉంది. గౌను మన అద్దకం కాదు, గోధుమరంగు పట్టులాంటిది. అయినా ఆనాటి మనిషి గొప్పగా కనబడాలంటే తూర్పుదేశపు బట్ట కావలసి వచ్చిందన్నది ఆ పటంలో స్పష్టం.

ఆ మోజు ఇంగ్లీషు నేతగాళ్ల పొట్టకొట్టింది. 1700లో చట్టం చేసి అద్దకపు గుడ్డల దిగుమతికి అడ్డుకట్ట వేశారు. అది చాలక 1719లో లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధిలో చీటిగుడ్డ కట్టిన ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు, సిరా చల్లారు. 1722 డిసెంబరు నుంచి కట్టుకోవడమే నేరమైంది. ఇంత కట్టడిలోనూ మన గుడ్డ వెళ్తూనే ఉంది. ప్రసిద్ధ నటుడు డేవిడ్ గ్యారిక్‌కు కలకత్తా మిత్రులు పంపిన మచిలీపట్నం అద్దకాన్ని 1775లో సుంకపువాళ్లు పట్టుకున్నారు. నానా తంటాలు పడితే గానీ అది తిరిగి దక్కలేదు. ఆ గుడ్డను తెరలుగా కట్టించుకున్న మంచం ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

1774లో ఇంగ్లండులో తయారైన నూలు గుడ్డకు మాత్రం అనుమతి వచ్చింది. దానిని మన గుడ్డనుంచి వేరుచేయడానికి తాను అంచులో మూడు నీలం పోగులు నేయాలని నిబంధన పెట్టారు, 1811 దాకా అది నడిచింది. ఆ చట్టం కోసం పట్టుబట్టినవాడు రిచర్డ్ ఆర్క్‌రైట్, నూలు వడికే యంత్రాల ఆసామి. 1789–90లో జోసెఫ్ రైట్ వేసిన ఆయన పటంలో, పొట్ట ముందుకు పెట్టి కూర్చున్న ఆ మనిషి పక్కన బల్ల మీద నూలు తీసే రోలర్లు ఉంటాయి. నాకు తెలిసినంతలో మన పత్తి చరిత్రకు అంతకంటే ముఖ్యమైన ఇంగ్లీషు పటం లేదు. ఆ తర్వాత గుడ్డ వెళ్లాల్సిన ఓడల్లో ముడిపత్తి వెళ్లింది. గుంటూరు, నెల్లూరు నల్లరేగళ్లలో పండిన కాస్త ఎరుపుతిరిగిన పత్తిని కాకినాడ రేవు పేరుతో ‘కొకనాడ’ అని అమ్మారు.

పొదిలి నేలను ఏలిన వాడి పటమూ ఇంగ్లండులో ఉంది. ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజాను 1769లో మద్రాసు వచ్చిన టిల్లీ కెటిల్, తర్వాత వచ్చిన జార్జ్ విల్లిసన్ చిత్రించారు. ముత్యాల హారాలు, పల్చని తెల్ల జామా, చేతిలో కత్తి. చూస్తే రాజసమే. కానీ ఆయన అప్పులు ఇంగ్లండు పార్లమెంటులో చర్చకు వచ్చేటంత పెరిగాయి, 1801లో నెల్లూరు, ఒంగోలు, పల్నాడు కంపెనీ చేతిలోకి వెళ్లాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలోనే ఉంది.

ఈ పటాలన్నిటిలో నా మనసుకు దగ్గరైనది 1816లో థామస్ హికీ మద్రాసులో వేసిన, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ పటం. ఎర్రకోటు తొడిగిన మెకంజీ మధ్యలో ఉంటాడు. చుట్టూ ముగ్గురు మనవాళ్లు: తాళపత్రాలు పట్టుకున్న జైన పండితుడు ధర్మయ్య, దుర్భిణి పట్టుకున్న బంట్రోతు కృష్ణాజీ, ఏలూరికి చెందిన కావలి వెంకట లక్ష్మయ్య. మెకంజీ పేరున మనం చదివే కైఫియతుల, అంటే గ్రామ చరిత్రల వెనక ఊరూరా తిరిగి కరణాల్ని అడిగి రాయించినవాళ్లలో లక్ష్మయ్య ముఖ్యుడు. మెకంజీ 1821లో పోయాక ఆ పని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే ఒప్పుకోలేదు. ఆయన పేరు దక్కింది, ముఖం దక్కింది. మన అద్దకపువాళ్లలో అంతటి అదృష్టవంతుడు నాకు కనిపించలేదు. గ్యారిక్ మంచానికి పేరుంది, దాని మీద కలం పట్టిన చేతికి లేదు.

1869 నాటికి జర్మనీలో చిరివేరులోని ఎర్రరంగునే ప్రయోగశాలలో తయారుచేశారు, వేరు తవ్వేవాళ్లకు కూలి పోయింది. మచిలీపట్నం దగ్గర పెడనలో మాత్రం చెక్క అచ్చులతో అద్దకం సాగుతోంది, శ్రీకాళహస్తిలో కలం పని ఉంది. మార్కెట్లో కలంకారీ పేరుతో దొరికేదంతా అచ్చంగా ఆ పద్ధతిది కాదు. కొనేవాళ్లు కరక్కాయ, పటిక, చిరివేరు లేదా మంజిష్ఠ వాడారా అని ఒక్క మాట అడగండి. అడిగేవాళ్లుంటేనే చేసేవాళ్లు నిలుస్తారు.

ఇక మీ ఇంట్లో పాత చీర, పంచె, దుప్పటి ఏది ఉన్నా మడతల గీతమీదే చినుగుతుందని మరిచిపోవద్దు. గుండ్రంగా చుట్టి, ఉతికిన తెల్ల నూలుగుడ్డలో పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, ఎండ వద్దు. ఏడాదికోసారి నీడలో గాలి తగలనివ్వండి. చిన్న కాగితం మీద పెన్సిలుతో ఎవరిది, ఏ ఊళ్లో ఎవరు నేశారు, ఏ ఏడాది కొన్నారు అని రాసి పక్కన పెట్టండి. గోడకు తగిలించిన తాత, నాయనమ్మల ఫొటోల వెనక కూడా పేర్లు ఇప్పుడే రాయండి. చెప్పగలిగేవాళ్లు ఇంకా ఇంట్లో ఉన్నారు కదా.