చచ్చే చెట్టు కాపు

మామిడి ఉన్నట్టుండి విరగకాసిందంటే మా చోడవరం వైపు పాత రైతు సంబరపడిపోడు. ముందు వంగి మొదలు చూస్తాడు. బెరడు మీద బంక కారుతోందా, కన్నంలోంచి రంపంపొట్టు రాలుతోందా అని. ‘‘ఆఖరి కాపేమో బాబూ’’ అంటాడు.

ఆ మాట వట్టి నమ్మకం కాదు. ఆకు వండిన చక్కెర బెరడు లోపొర గుండా వేరుకి దిగాలి. పురుగు ఆ పొరని చుట్టూ తొలిచేస్తే దిగే దారి తెగుతుంది. చక్కెర పైనే నిలిచి పూతకీ పిందెకీ పోతుంది, కింద వేరు పస్తుంటుంది. నీళ్లు మాత్రం లోపలి కర్రలోంచి ఎక్కుతూనే ఉంటాయి కనక చెట్టు కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తుంది. కాయని చెట్టుకి కత్తిగాట్లు పెట్టే అలవాటులో కిటుకూ ఇదే. కొమ్మకి సన్నగా గీస్తే గాయం మానుతుంది. మొదలు చుట్టూ లోతుగా చెక్కితే మానదు. ఒక్క ఏడాది కాయల కోసం అంత పని చేయడం నాకైతే నచ్చదు.

అన్ని చెట్లూ ఇలా కాసి పోవు. వేరుపురుగు పట్టిన జీడిమామిడి ఆకులు పసుపుబారి రాలతాయి, కొమ్మలు ఎండుతాయి. అప్పుడు మందు కోసం పరిగెడితే చాలాసార్లు ఆలస్యమే. నీటికి కటకటలాడే చెట్టు తీరు వేరు. ముందు ఆకు అడుగున ఉన్న సన్నటి రంధ్రాలు మూసుకుంటుంది, తర్వాత ఆకులు రాలుస్తుంది, అప్పటికీ చాలకపోతే కొమ్మల్నే వదిలేస్తుంది. నీళ్లకి అన్నిటికన్నా దూరం చిటారుకొమ్మే కాబట్టి తరచుగా తల ముందు ఎండుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక, పడిపోకుండా మిగిలిన చెట్లు కాల్చినట్టు మాడి నిలబడ్డాయి. కొన్ని వారాల్లో మోడుల ఒంటినిండా చిగుళ్లు. అందరం మురిసిపోయాం. బెరడు కింద నిద్రపోయే మొగ్గలవి. చెట్టు కర్రలో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థాన్ని తీసి వాటిని లేపుతుంది, కరువులో విత్తనాల గాదె విప్పినట్టు. ఆ ఆకులు ముదిరితే ఖర్చు తిరిగొస్తుంది. లేతలోనే వాడిపోతే మళ్లీ చిగురించే సత్తువ ఉండదు. అందుకే మొదలు మీద గుబురుగా చిగురొచ్చిన చెట్టుని చూస్తే నా కళ్లు తలవైపు పోతాయి.

చెట్టు దగ్గర నా పనిముట్టు వేలిగోరు. కొమ్మ బెరడు చిన్నగా గీకితే పచ్చగా, తడిగా ఉందా, ప్రాణముంది. గోధుమరంగులో పొడిగా ఉంటే జానెడు కిందకి జరిగి మళ్లీ గీకడమే. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి మాడిపోయి జనం బెంబేలెత్తారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పనే ఎక్కువ. వాటిలో చాలా చెట్లు ఎండాకాలం మొదట్లో మళ్లీ ఆకేశాయి. ఎండిన కొసకి మూరెడు కింద గోరుపెట్టినా పచ్చదనం కనిపించేది. ఆ గీకుడేదీ లేకుండానే రంపం పిలిపించినవాళ్లూ ఉన్నారు.