మాగోఇచి తుపాకీ, భంగి నాయక్ ఎద్దులు

పోయినేడు సేవాలాల్ జయంతికి వారం ముందు మా ఇంటర్ పిల్లగాడొకడు చార్టు చుట్టుకొని వచ్చాడు. చేవెళ్ల, మొయినాబాద్ తండాల పిల్లలందరూ ఆ రోజుకు ఏదో ఒక బొమ్మ వేస్తారు. ఎక్కువమంది సేవాలాల్ మహరాజ్‌ను, తెల్ల గుర్రాన్ని వేస్తారు. వీడు వేసింది వేరు. పొడుగు జుట్టు, భుజం మీద తుపాకీ, తుపాకీ కొసన కత్తి, నెత్తిన మన ఎర్ర తలపాగా. వెనుక ఒక నల్ల కాకి. కింద 'భంగి నాయక్' అని రాసి ఉంది. దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో, రోజుకు మూడు హత్యలు మాఫీ అని.

"కాకికి మూడు కాళ్లేందిరా?" అన్నాను.

నవ్వాడు. "అది మాగోఇచి గుర్తు సార్. బొమ్మ ఆట నుంచి తీసుకున్న. తలపాగ నేను పెట్టిన."

ఆ ఆట పేరు సమురాయ్ వారియర్స్. జపాన్‌కు చెందిన కోయి అనే కంపెనీ 2004లో మొదటిది తెచ్చింది, తర్వాత వరుసగా తెస్తూనే ఉంది. మావాడి చిన్నాయన కొడుకు మొయినాబాద్‌లో కిరాయి గదిలో ఉంటాడు, అతని దగ్గర పాత ప్లేస్టేషన్ ఉంది. చూడకుండా తిట్టడం పంతుళ్లకు అలవాటు. నేను ఆ పని చేయదలచుకోలేదు. రెండు ఆదివారాలు వెళ్లి ఆ గదిలో కూర్చుని ఆడాను. మొదటి ఆదివారమంతా చావడమే సరిపోయింది.

ఆట నాకు నచ్చిందని ముందే చెప్తాను. సైకా మాగోఇచి అందులో కిరాయి తుపాకీ దళానికి నాయకుడు. మాటకారి, ఆడవాళ్ల వెంట పడతాడు, ఎవరి ముందూ తల వంచడు. చుట్టూ ఉన్న దొరలు పరువు, వంశం, రాజ్యం అని ఊగిపోతుంటే వీడొక్కడే డబ్బు ఎంత అని అడుగుతాడు. ఆ అడగడంలో ఒక నిజాయితీ ఉంది. మన పిల్లలకు వాడు ఎందుకు నచ్చుతాడో రెండో ఆదివారానికి అర్థమైంది. రాజు కాని వాడు, రాజు కొడుకు కాని వాడు ఆ ఆటలో రాజులతో సమానంగా నిలబడతాడు. మన సినిమాల్లో ఆ చోటు మనకు ఎన్నిసార్లు దొరికింది?

కానీ చరిత్ర దగ్గరకు వస్తే లెక్క మారుతుంది. సైకా అనేది ఒక మనిషి వంశం కాదు. జపాన్‌లో ఇవాళ్టి వకాయమ పట్టణం ఉన్న చోట, కినోకావా నది సముద్రంలో కలిసే దగ్గర, కొన్ని ఊళ్లు కట్టుకున్న కట్టు అది. అలాంటి కట్టును వాళ్లు 'ఇక్కి' అంటారు. అందులో రైతులున్నారు, చేపలు పట్టేవాళ్లున్నారు, పడవల మీద వ్యాపారం చేసేవాళ్లున్నారు. 1543లో పోర్చుగీసు వాళ్లతో తుపాకీ జపాన్‌కు వచ్చింది. ఈ ఊళ్లవాళ్లు దాన్ని అందరికంటే బాగా పట్టుకున్నారు. పైన దొర లేడు. ఊళ్ల పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవారు. ఒప్పుకుంటే వెళ్లి యుద్ధం చేసేవారు, కొన్నిసార్లు డబ్బుకు, కొన్నిసార్లు నమ్మిన మతం కోసం. 1570 నుంచి 1580 దాకా ఓడా నొబునాగ అనే పెద్ద దొర ఇషియామ హొంగన్‌జి మఠం మీద యుద్ధం చేశాడు. మఠం పక్షాన నిలబడిన తుపాకుల్లో సైకా వాళ్లవి ముఖ్యమైనవి. 1577లో నొబునాగ పెద్ద సైన్యంతో వాళ్ల ఊళ్ల మీదికే వచ్చాడు.

మాగోఇచి అనేది కూడా ఒక్కడి పేరు కాదు, ఒక ఇంట్లో తరం నుంచి తరానికి దిగిన పేరు. మన తండాలో నాయక్ అన్నట్టే. ఈ సంగతి పట్టుకున్నది ఇంకో కంపెనీ ఆట. క్యాప్‌కామ్ వాళ్ల సెంగోకు బసారాలో 2010లో మాగోఇచిని ఆడమనిషిగా చూపించారు, అక్కడ ఆ పేరు దళం పెద్దకు వచ్చే పేరు. చరిత్రలో అలా ఆడమనిషి లేదు కానీ, పేరు గురించిన నిజం మాత్రం ఆ ఆటకే ఎక్కువ తెలుసు అనిపించింది.

సమురాయ్ వారియర్స్‌లో మాగోఇచి నొబునాగ మీద పగబట్టినవాడు, హిదెయోషికి జిగ్రీ దోస్తు. చరిత్రలో సుజుకి ఇంటి మాగోఇచి 1582లో తన సైకా కట్టులోనే ఉన్న మరో పెద్దను నొబునాగ అండతో చంపించాడు. అదే ఏడు నొబునాగ చచ్చిపోగానే ఊళ్లో నిలవలేక పారిపోయాడు. మూడేళ్లకు, 1585లో, సైకా ఊళ్లను ముంచింది ఎవరో తెలుసా? ఆటలోని ఆ దోస్తే. ఓతా కోట చుట్టూ కట్ట వేయించి నీళ్లు వదిలి లొంగదీశాడు. లోపలున్న రైతుల ఆయుధాలు గుంజుకుని, పలుగూ పారా ఇచ్చి పొలాలకు తోలాడు. జపాన్ అంతటా రైతుల కత్తులు ఊడబెరికే హుకుం 1588లో వచ్చింది. దానికి మొదటి పాఠం ఈ ఊళ్ల మీదే నేర్చుకున్నాడు.

ఇదంతా ఆటలో లేదు. ఆట తీరు దాన్ని రానివ్వదు. ఆ ఆటలో ఒక్కడు వందలమందిని ఊడ్చేస్తాడు. బటన్ నొక్కుతుంటే పేరులేని కాలిబంట్లు గడ్డిలా రాలిపోతారు. ఆ కాలిబంట్లు ఎవరు? పొలాల నుంచి తోలుకొచ్చిన రైతులు, అంటే సైకా మనుషుల్లాంటి వాళ్లే. మాగోఇచిని ఆడుతూ మనం మాగోఇచి ఊరివాళ్లను కొడుతున్నాం. ఇంకోటి, ఆ కాలపు వత్తి తుపాకీని ఒకసారి కాల్చితే మళ్లీ మందు దట్టించి గుండు వేసి వత్తి సరిచూసుకోవాలి. అందుకే సైకా వాళ్ల బలం గుంపులో ఉంది. ఒకడు కాల్చుతుంటే ఇంకొకడు దట్టించేవాడు. ఆటలో మాగోఇచికి ఎవరి సాయమూ అక్కర్లేదు. ఆ తుపాకీ కొసన కత్తి కూడా అప్పటికి అక్కడ లేదు. ఊళ్ల కట్టును కరగబోసి ఒక అందగాణ్ణి పోతపోశారు.

ఆడుతున్నప్పుడు నన్ను పట్టుకున్నది ఇంకో చిన్న విషయం. ప్రాణం తగ్గిపోతుంటే మావాడు "పెట్టె పగలగొట్టండి సార్, తినేది ఉంటది" అన్నాడు. పగలగొట్టాను. అన్నం ముద్ద దొరికింది. తింటే ప్రాణం నిండింది. యుద్ధం నడిమధ్యలో ఆ పెట్టెను అక్కడ ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఆట పెట్టింది.

దక్కన్‌లో ఆ పెట్టె పేరు భంగి నాయక్, జంగి నాయక్.

మన పెద్దలు చెప్పుకునేదీ, తెల్ల దొరలు రాసుకున్నదీ ఇది. షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి వచ్చినప్పుడు రాథోడ్‌లైన భంగి, జంగి నాయకులు 1,80,000 ఎద్దులతోనూ, వడిత్య భగవాన్‌దాస్ 52,000 ఎద్దులతోనూ వెంట వచ్చారు. ఎద్దులకు నీళ్లు లేవు, గడ్డి లేదు అని నాయకులు నసిగితే ఆసఫ్ ఖాన్ రాగి రేకు మీద బంగారు అక్షరాలతో హుకుం రాయించి ఇచ్చాడు. నీళ్లు లేకపోతే నా మనుషుల కుండల్లో తీసుకోండి, గడ్డి లేకపోతే వాళ్ల గుడిసెల కప్పులు పీక్కోండి, రోజుకు మూడు హత్యలు చేసినా మాఫీ, కానీ నా గుర్రాలు ఎక్కడుంటే మీ ఎద్దులు అక్కడుండాలి. దాని సారం ఇంతే.

ఎద్దుల అంకెలో అతిశయం ఉందనుకుని సగానికి సగం కోయండి. ఎద్దుకు క్వింటాలు చొప్పున పెరికలు వేసుకున్నా తొంభై వేల క్వింటాళ్లు. ఇవాళ లారీకి రెండు వందల క్వింటాళ్లు లెక్కేస్తే నాలుగు వందల యాభై లారీలు. చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీద అన్ని లారీలు వరుసగా నిలబెట్టి చూడండి. ఆ రోడ్డును బీజాపూర్ రోడ్డు అని కూడా అంటారు. ఆసఫ్ ఖాన్ 1631లో ముట్టడి వేసింది ఆ బీజాపూర్‌నే. కోట గోడలు ఆయన్ను ఓడించలేదు. తిండి, మేత చాలక ముట్టడి ఎత్తేసి వెనుదిరిగాడు. అది కరువు కాలం. వజీరు అంతటివాడు ఎద్దులవాళ్లను ఎందుకు బతిమాలాడో ఇప్పుడు తెలుస్తుంది.

తర్వాత కూడా ఇదే. 1791-92లో కారన్‌వాలిస్ టిప్పు మీదికి పోయినా, 1799లోనూ 1803లోనూ ఆర్థర్ వెల్లస్లీ దండు నడిపినా, వాళ్ల కాగితాల నిండా మనవాళ్లే. 'బ్రింజారీలు' వచ్చారా, ఎప్పుడు వస్తారు, ఎన్ని ఎద్దులు. ఒక దండుకు గింజలు అమ్మి, ఎదుటి దండుకూ అమ్మిన నాయకులు ఉన్నారు. తోవలో దొంగల నుంచి కాచుకోవడానికి బల్లేలు, కత్తులు ఉండేవి. కానీ వాళ్లు అమ్మింది కత్తిని కాదు, ఉప్పునూ గింజనూ. ఆడవాళ్లు, పిల్లలు, కుక్కలు, అందరూ ఆ లదేణిలోనే నడిచేవారు. నాయక్ ముందు నడిచేవాడు కానీ, గడ్డి ఎక్కడ దొరుకుతుందో, ఏ వాగు ఎండిందో తండా అంతా కలిసి చూసుకునేది.

మావాడికి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని అడిగాడు, "మూటలు మోసేటోని ఆట ఎవరు ఆడతరు సార్?"

నాకు అప్పుడు జవాబు రాలేదు. మళ్లీ అన్నాడు, "మాగోఇచి కిరాయోడే కద. కిరాయోడైనా హీరో చేసిన్రు. మా బాపు ఫామ్‌హౌస్ కాడ జీతానికి కావలి ఉంటడు. ఆయన్ను ఎవరు చేస్తరు?"

ఆ మాట నాతో ఇంటిదాకా వచ్చింది. మొయినాబాద్ చుట్టూ ఫామ్‌హౌస్‌ల గేట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న తండా మనుషులు ఎంతమందో మీకు తెలుసు. పిల్లవాడు తుపాకీ గీసింది గొప్ప కోసమే కాదు.

కిరాయి అనే మాట అందరికీ ఒకేలా తగలదు. హైదరాబాద్‌లో ఫ్రెంచివాడు రేమండ్ నిజాం దగ్గర జీతానికి దండు నడిపాడు. 1798లో చనిపోతే గుట్ట మీద సమాధి కట్టారు, ఇప్పటికీ చూడటానికి వెళ్తారు. నిర్మల్ వైపు 1860లో రాంజీ గోండుతో కలిసి నిలబడిన రోహిల్లాలు కూడా కిరాయి సిపాయిల జాతే, సర్కారు కాగితాల్లో వాళ్లు దోపిడీగాళ్లు. మనవాళ్ల సంగతి సరేసరి. దండులకు అన్నం పెట్టినన్నాళ్లు బ్రింజారీలు. రైలు వచ్చి ఎద్దుల పని పోయాక, 1871 చట్టం తెరిచిన దారిలో చాలాచోట్ల పుట్టుకతోనే నేరస్తులు. ఆ చట్టం 1952 దాకా పోలేదు. తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. ఇవాళ కూడా కోపం వచ్చినప్పుడు 'మొగలుల దండుతో వచ్చినోళ్లు' అని మన మీద వేస్తారు. అలా అనే ఆదివాసీ సోదరుల బాధకు వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి, దాన్ని నేను తీసిపారేయను. కానీ దండుతో వచ్చింది ఎందుకు అన్నది కూడా చెప్పాలి కదా. చంపడానికి కాదు, మోయడానికి.

అందుకే ఆ చార్టు మీద నాకు గట్టి పేచీ ఉంది. తుపాకీ పెట్టగానే ఆ నింద మనమే నిజం చేసినట్టవుతుంది. ఆ మూడు హత్యల మాఫీ మరీ. అది భంగి నాయక్ పౌరుషం కాదు, వజీరు అవసరం. ఆ ముగ్గురు ఎవరై ఉంటారు? వజీరు బంధువులు కారు. కుండలో నీళ్లు ఇవ్వనన్న ఎవరో ముసలామె, కప్పు పీకుతుంటే అడ్డం వచ్చిన ఎవరో గుడిసెవాడు. జంగి చేతిలో భగవాన్‌దాస్ చనిపోయాడని కూడా ఆ కథలోనే ఉంది, మాగోఇచి తన కట్టు పెద్దనే చంపించినట్టు. దాన్ని మనం దాచిపెట్టి వట్టి పేరు మాత్రం చెప్పుకుంటే, కోయి కంపెనీ చేసిన పనే మనమూ చేసినట్టు.

మూటల ఆట ఎవరాడతారన్న ప్రశ్నకు పదిరోజులు ఆలోచించి ఒక జవాబు చెప్పాను. ఆట మొదలయ్యేసరికి నీకు వెయ్యి ఎద్దులు, ఇరవై కుటుంబాలు. ఎదురుగా రెండు దండులు, రెండూ ఆకలి మీద ఉన్నాయి. మూడు రోజుల దారిలో ఒకటే చెరువు, అది నిండిందో లేదో తెలియదు. ఒక దండు ఎక్కువ ధర ఇస్తానంటుంది, ఇంకొకటి నీ మేనమామ తండాను పట్టుకుని ఉంది. చూడి ఆవులున్నాయి, నెలలు నిండిన ఆడమనిషి ఉంది. తోవలో గుడిసెలున్నాయి, వాటి మీద గడ్డి ఉంది, నీ చేతిలో రాగి రేకు ఉంది. పీకుతావా? "ఎవరినీ కొట్టుడు ఉండదా?" అన్నాడు. కొట్టొచ్చు, కానీ కొట్టిన ఊరి నుంచి మళ్లీ ఏడు గింజలు దొరకవు అన్నాను. కాసేపు ఆలోచించి "జర కష్టముంటది సార్" అన్నాడు. కష్టమన్నాడు కానీ, ఎవరాడతారని మళ్లీ అడగలేదు.

సేవాలాల్ జయంతి నాటికి కొత్త చార్టు తెచ్చాడు. తలపాగా అలాగే ఉంది. తుపాకీ పోయి చేతిలో పొడుగు కట్టె వచ్చింది. వెనుక ఎద్దుల వరుస, కాగితం అంచుదాకా చిన్నవవుతూ పోయింది. మొదటి ఎద్దు వీపు మీద పెరిక, పెరిక మీద అదే కాకి, మూడు కాళ్లతో.

"ఇదెందుకు ఉంచినవురా?"

"ఎద్దుల మీద కాకులుంటయి కద సార్" అన్నాడు.