కాంటాకీ మిల్లుకీ మధ్య

ధాన్యం కాంటా మీద ఉన్నంతసేపూ దాని లెక్క అందరి కళ్ల ముందే ఉంటుంది. రైతు చూస్తుంటాడు, హమాలీ చూస్తుంటాడు, కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం అక్క పుస్తకంలో రాసుకుంటుంది. బస్తాలు లారీ ఎక్కి ఊరి పొలిమేర దాటాయంటే ఆ లెక్కకు కాపలా ఉండదు. మిల్లులో మళ్లీ తూకం వేస్తారు, మళ్లీ తేమ చూస్తారు. అక్కడ రైతు ఉండడు. రెండు లెక్కలూ కలవకపోతే పోయేది మాత్రం ఆయన సొమ్మే.

యాసంగి కోతలప్పుడు ఈ కాలమిస్టు కరీంనగర్ వైపు ఓ ఊళ్లో, కొనుగోలు కేంద్రం దగ్గర ఒక పూటంతా కూర్చున్నారు. రోడ్డు పొడుగునా వడ్ల కుప్పలు, వాటి పక్కన మడిచి పెట్టిన టార్పాలిన్లు, తాలు ఎగరగొడుతున్న ప్యాడీ క్లీనర్ రొద. ఇన్‌చార్జి అక్క కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు వడ్లు తీసింది. పైన ఎండలో ఉన్న గింజకూ లోపలి గింజకూ తేడా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తేమ మిషను 18 దగ్గర ఆగింది. కనీస మద్దతు ధరకు కొనాలంటే 17 శాతం దాటకూడదు.

"నిన్న పదహారున్నరే అచ్చింది గదా బిడ్డా" అన్నాడు పెద్దాయన.

"రాత్రి చినుకులు పడ్డయి కాకా. ఇంకో పూట ఆరబొయ్యి, పొద్దుగూకే ముందట మళ్ల చూస్త."

ఇద్దరూ ఒకే మిషను చూశారు, ఒకే అంకె చదివారు. పెద్దాయన కాస్త గొణుక్కున్నాడు గానీ పార పట్టుకుని కుప్ప దగ్గరికే వెళ్లాడు. ఎదురుగా జరిగిన కొలత మీద తగాదా ఇంతకంటే పెరగదు.

పెరిగేది మిల్లు దగ్గర. ఆ మధ్యాహ్నమే ఒక లారీ డ్రైవర్ ఫోన్ చేశాడు. "అక్కా, ఈడ మా ముందర పద్దెనిమిది బండ్లున్నయి. రేపటిదాంక దిగేటట్టు లేదు." ఆ ఒక్క మాటతో కేంద్రంలో పని ఆగిపోయింది. తిరిగి రావాల్సిన లారీ రాదు. కాంటా అయిన బస్తాలు కదలవు. మబ్బు పడితే తడిసేది అవే. పద్దెనిమిది బండ్లు బారులు తీరిన సంగతి మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసుకున్న మనిషికి పొద్దున్నే తెలుసు. కేంద్రానికి మాత్రం మూడో లారీని కూడా నింపి పంపేశాక తెలిసింది.

తరుగు మాట ఎత్తితే ఏ ఊళ్లోనైనా గొంతులు లేస్తాయి. 40 కిలోల బస్తాకు కిలో, రెండు కిలోలు అదనంగా తీసుకుంటున్నారని రైతులు ప్రతి సీజన్‌లో రోడ్డెక్కుతారు. ఈ కాలమిస్టు కూడా చాలాకాలం తరుగంటే అచ్చంగా దోపిడీయే అనుకున్నారు. దోపిడీ ఉన్నచోట ఉంది, దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం లేదు. కానీ ఆ కేంద్రంలో కూర్చుని కాగితం మీద ఒక చిన్న లెక్క వేస్తే వేరే సంగతి బయటపడింది.

17 శాతం తేమ ఉన్న 40 కిలోల వడ్లలో నీళ్లు తీసేస్తే మిగిలేది 33 కిలోల 200 గ్రాములు. ఆ గింజ మే నెల ఎండలో, లారీ మీద, రెండు మూడు రోజులు నిలబడి 15 శాతానికి ఆరిందనుకుందాం. అప్పుడు ఆ బస్తాలో వడ్ల తూకం 39 కిలోల 60 గ్రాములు. ఎవరూ గింజ ముట్టుకోలేదు, అయినా 940 గ్రాములు గాలిలో కలిసిపోయాయి. లారీలో 600 బస్తాలుంటే ఐదున్నర క్వింటాళ్ల పైమాట. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఒక్క లారీ మీద 13 వేల పైచిలుకు, వరసలో నిలబడినందుకు.

ఆ గింజ పాడవలేదు. ఇంకా మెరుగైంది కూడా, ఆరిన ధాన్యాన్ని నిల్వ పెట్టడం తేలిక. అయినా తూకం తగ్గింది కాబట్టి మిల్లు "తక్కువ వచ్చింది" అంటుంది, ఊరు "కొట్టేశారు" అంటుంది. లారీ బయల్దేరినప్పటి తేమ తూకం పక్కనే రాసి ఉంటే ఇద్దరూ నిమిషంలో తేల్చుకోగల లెక్క ఇది. ఆ రోజు చూసిన కాగితాల్లో బస్తాల సంఖ్య ఉంది, మొత్తం తూకం ఉంది, లారీ నంబరు ఉంది, తేమ లేదు. మిల్లులో దిగిన తూకం ఎక్కిన ట్రక్ షీట్ తిరిగొస్తే గానీ కేంద్రం ట్యాబ్‌లో రైతు లెక్క పూర్తవదు, బ్యాంకు ఖాతాలో డబ్బు పడదు. అందుకే నాలుగు రోజులు కొట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు. "ఎంతోకొంత కోసుకోండి, షీట్ పంపండి" అని రైతే అనేస్తాడు.

సరుకు ఎక్కడిదాకా ఎవరిది అన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. ఓడల వ్యాపారంలో ఈ తగవు ముదిరే అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో ఇన్‌కోటెర్మ్స్ అనే నియమావళి తెచ్చింది. అందులో ఎఫ్‌వోబీ పద్ధతి కింద చాలా ఏళ్లు హద్దు ఎక్కడంటే, సరుకు ఓడ అంచు దాటిన క్షణం. క్రేన్‌కు వేలాడుతున్న పెట్టె అంచుకు ఇవతల పడితే అమ్మినవాడి నష్టం, అవతల పడితే కొన్నవాడి నష్టం. 2010 సవరణలో ఆ గీతను తీసేసి, సరుకు ఓడలోకి చేరడాన్ని హద్దు చేశారు. గీత ఎక్కడ గీశారన్నది తర్వాతి మాట. ముందు గీత అంటూ ఒకటి ఉండాలి. వడ్ల విషయంలో ఆ గీత కాంటా దగ్గరే ఉండాలన్నది ఈ కాలమిస్టు గట్టి నమ్మకం. తూకం వేసి రసీదు ఇచ్చాక ఆ ధాన్యం రైతుది కాదు. ఆ తర్వాత దారిలో ఆరినా, తడిసినా, కారినా కొన్నవాళ్లూ మోసినవాళ్లూ దించుకున్నవాళ్లూ తమలో తాము చూసుకోవాల్సిన విషయం.

ఇంకో ఉదాహరణ టీకాలది. పోలియో చుక్కల మందు ఫ్యాక్టరీ నుంచి పల్లె దాకా ఎన్నో చేతులు మారుతుంది. మధ్యలో ఏ ఒక్కచోట ఐస్ కరిగినా మందు పాడవ్వొచ్చు, కంటికి తెలియదు. 1996 నుంచి ఆ సీసాలకు ఒక చిన్న ముద్ర అంటించడం మొదలుపెట్టారు. వలయం మధ్యలో లేత రంగు చదరం. వేడి తగిలిన కొద్దీ ఆ చదరం ముదురుతుంది, చుట్టూ ఉన్న వలయం రంగుకు చేరిందంటే ఆ సీసా పారేయాల్సిందే. ఆశా కార్యకర్త దాన్ని చూడగానే చెప్పేస్తుంది. ఎవరి దగ్గర పాడైందన్న వాదన తర్వాత, ముందు పాడైందన్న నిజం మీద ఎవరికీ భేదం ఉండదు. సాక్ష్యం సరుకుతోపాటే ప్రయాణం చేస్తోంది.

వడ్ల బస్తాకు అలాంటి ముద్ర లేదు. కానీ అరకిలో నమూనా మూడు సంచుల్లో కట్టి, సీలు వేసి, ఒకటి రైతు దగ్గర, ఒకటి కేంద్రంలో, ఒకటి లారీలో పెడితే తాలెంత, మట్టెంత అన్న తగాదా అక్కడికక్కడే తేలుతుంది. ఖర్చు మూడు సంచులు, కాస్త దారం.

గోనె సంచుల కథ వేరే. సంచులు తక్కువొస్తాయని పుకారు పుట్టిందంటే రెండు వేలు కావాల్సిన కేంద్రం నాలుగు వేలు రాసి పంపుతుంది, ఎలాగూ సగమే ఇస్తారని. పైవాళ్లు ఆ కాగితాలు కూడి, లేని కరువును చూసి కంగారుపడతారు. 1997లో హౌ లీ, పద్మనాభన్, వాంగ్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ డైపర్ల అమ్మకాలను ఉదాహరణగా తీసుకుని ఇలాంటి పెరుగుదల గురించే రాశారు. పిల్లలు వాడేది ఇంచుమించు నిలకడగానే ఉంది, కంపెనీకి చేరే ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. కరువు భయంతో ఎక్కువ అడగడం వాళ్లు చెప్పిన నాలుగు కారణాల్లో ఒకటి. మందు కూడా అందులోనే ఉంది: అడిగిన అంకె కాదు, వాడిన అంకె పైకి పోవాలి. ఏ కేంద్రంలో నిన్న ఎన్ని సంచులు కుట్టారో అందరికీ కనబడితే రెట్టింపు రాయాల్సిన పని ఎవరికీ ఉండదు.

2020-21లో తెలంగాణలో కొన్న ధాన్యం 1.41 కోట్ల టన్నులు. 40 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 35 కోట్ల బస్తాలు. ప్రతి బస్తా కనీసం నాలుగు చేతులు మారింది.

సాయంత్రం నాలుగున్నరకు పెద్దాయన కుప్ప 16.8 చూపించింది. కాంటా మొదలైంది. అక్క పుస్తకంలో తూకం గడి పక్కన ఖాళీ అంచులో తేమ అంకె రాసింది, లారీ చిట్టీ మీద కూడా రాసింది. అందులో ఆ గడి లేదు, పెన్నుతో తానే గీసుకుంది. డ్రైవర్ చేత సంతకం పెట్టించింది. తర్వాత మిల్లుకు ఫోన్ చేసి అడిగింది, "అన్నా, ఇప్పుడు ఎన్ని బండ్లున్నయి?" అవతల ఏం చెప్పారో గానీ డ్రైవర్‌ను ఆగమని సైగ చేసి, టార్పాలిన్ సరిగ్గా కప్పమని హమాలీలకు చెప్పింది.