ప్రరోచనా ఋణం: తెరమీది బస్తరు

నాటకలక్షణం చెప్పిన మన ఆలంకారికులు భారతీవృత్తికి ప్రరోచన, ఆముఖం, వీథి, ప్రహసనం అని నాలుగు అంగాలను పేర్కొన్నారు. ప్రదర్శింపబోయే రూపకాన్ని, కవిని, సభను ప్రశంసించి ప్రేక్షకుని మనస్సును నాటకంవైపు మరల్చడం ప్రరోచన ప్రయోజనం. కనుక ప్రచారమన్నది నేటి వ్యాపారయుగం కొత్తగా కనిపెట్టినది కాదు. రంగస్థలమెంత పాతదో అదీ అంత పాతది. అయితే పూర్వులు దానికొక హద్దు ఏర్పరచినారు. అది రూపకంలో ఒక అంగం మాత్రమే. సూత్రధారుడు సభకు కల్పించిన ఆశను, అతడు నిష్క్రమించిన తరువాత పాత్రలు తీర్చవలె. కాళిదాసు తన శాకుంతలంలో సూత్రధారునిచేత ప్రశంసతోపాటు సందేహాన్ని కూడా పలికించినాడు. పెద్దలు మెచ్చేదాకా తన నేర్పు తనకే నమ్మకంగా తోచదంటాడు ఆ సూత్రధారుడు. ప్రరోచన ఒక విధమైన ఋణమని, తీర్చగలిగినంత మేరకే చేయవలెనని ఆ మహాకవి ఎరుగును.

నేటి చలనచిత్రాలు విడుదలకు నెలలముందే ఈ ఋణం చేయడం మొదలుపెడుతున్నవి. చిత్రం విఫలమైనప్పుడు ఆ వైఫల్యాన్ని వసూళ్ల లెక్కతో తేల్చివేయడం వాడుకైనది. ఆ లెక్క వర్తకులకు చాలును. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న వేరు: చిత్రం ఏమి వాగ్దానం చేసినది? ఆ వాగ్దానం ఎక్కడ భంగమైనది? ఈ పరిశీలనకు బస్తరు ఇతివృత్తంగా వచ్చిన చిత్రాలు చక్కగా ఉపకరిస్తవి.

ఛత్తీస్‌గఢ్ దక్షిణభాగంలోని బస్తరు తెలుగువారికి పరాయి నేల కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అక్కడికి చేరి రాజ్యం నెలకొల్పినాడని బస్తరు రాజవంశపు పరంపర చెబుతున్నది. ఇంద్రావతి, శబరి నదులు అక్కడి నీటిని మన గోదావరికి తెచ్చి చేరుస్తున్నవి. అన్నిటికంటె ముఖ్యంగా, అక్కడి గోండి ద్రావిడకుటుంబంలో తెలుగు చేరిన శాఖకే చెందిన భాష. కోంటా ప్రాంతపు దోర్లాల పలుకు తెలుగు చెవికి ఇంకా దగ్గర. అందుచేత బస్తరును గురించి ఎవరేమి చెప్పినా, అది ఎంతవరకు విని చెప్పినదో తెలుసుకొనే అవకాశం, బాధ్యత మనకు ఇతరులకంటె ఎక్కువ.

2024 మార్చి 15న ‘బస్తర్: ది నక్సల్ స్టోరీ’ అనే హిందీ చిత్రం విడుదలైనది. దాని ప్రచారానికి రెండు ఆధారాలు. ఒకటి, అంతకు ముందటి సంవత్సరం విశేషంగా ధనార్జన చేసిన ‘ది కేరళ స్టోరీ’. దర్శకుడు సుదీప్తో సేన్, నిర్మాత విపుల్ అమృత్‌లాల్ షా, నటి అదా శర్మ మళ్లీ కలిసి పనిచేసినారన్నదే ఒక ప్రకటన అయినది. రెండవది, చిత్రానికి ముందుగా వదలిన టీజరు. పోలీసు అధికారిణి వేషంలో ఉన్న అదా శర్మ ప్రేక్షకుని కళ్లలోకి చూస్తూ, బస్తరులో 76 మంది జవానులు చనిపోయిన సంగతి చెప్పి, దేశద్రోహులెవరో తేల్చి, వారిని తానేమి చేయగలదో కూడా చెబుతుంది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల అడవిలో 76 మంది భద్రతాసిబ్బంది ప్రాణాలు కోల్పోవడం నిజంగా జరిగిన ఘోరం. ఇంతకాలం మరుగుపడిన సత్యం ఇప్పుడు బయటపడనున్నదని ఈ టీజరు చేసిన వాగ్దానం. చిత్రం మాత్రం వెనుకటి చిత్రపు విజయానికి దరిదాపులకైనా రాలేదు.

వస్తువు దుర్బలం కావడంచేత ఇలా జరగలేదు. ఆ కథలో రత్న అనే గ్రామీణస్త్రీ ఉన్నది. జాతీయపతాకం ఎగురవేసిన నేరానికి ఆమె భర్తను నక్సలైట్లు చంపుతారు, కొడుకును తీసుకొనిపోతారు. ఆమె పోలీసుల పక్షాన తుపాకి పడుతుంది. తల్లి ఒక దండులో, బిడ్డ ఎదుటి దండులో. కురుక్షేత్రానికి ముందు కర్ణుని వెదుక్కుంటూ వెళ్లిన కుంతి బాధ ఎరిగిన జాతికి ఇంతకుమించిన కరుణరసస్థానం వేరే చూపనక్కరలేదు. ఇటువంటి ఆదివాసులను ప్రత్యేక పోలీసులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగవిరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది కనుక, రత్న చేతిలోని తుపాకి ఆమె దుఃఖానికి ఓదార్పా, మరొక ఉచ్చా అన్న ప్రశ్న కూడా ఆ పాత్రలోనే ఉన్నది. కాని చిత్రం ఈ పాత్రను నమ్ముకోలేదు. శోకం పక్వమయ్యే ప్రతి చోట ఒక ఉపన్యాసమో, నెత్తుటి దృశ్యమో అడ్డుతగులుతుంది. బీభత్సం మితిమీరితే కరుణ నిలువదని తెలియక కాదు. ప్రేక్షకుడు కంటతడితో ఆలోచించడం కంటె కోపంతో చప్పట్లు కొట్టడమే కావలసివచ్చినది. ఇక నాయిక అయిన అధికారిణికి టీజరులో ఏమి తెలుసునో చిత్రాంతంలోనూ అంతే తెలుసును. మధ్యలో ఆమె ఎవరినుంచీ ఏమీ నేర్చుకోలేదు. పాత్రకు పరిణామం లేనప్పుడు రూపకం లేదు. ఒక్క నిమిషపు ప్రరోచనే సాగి సాగి రెండు గంటలైనది.

ఈ 76 అనే సంఖ్యే మరొక చిత్రంలో వేరొక అర్థంతో కనబడుతున్నది. అమిత్ మసుర్కర్ దర్శకత్వంలో 2017 సెప్టెంబరు 22న వచ్చిన ‘న్యూటన్’లో దండకారణ్యపు పోలింగు కేంద్రం ఒకదానిలో ఉన్న ఓటర్లు 76 మంది. నూతన్ కుమార్ అన్న పేరును న్యూటన్‌గా మార్చుకొన్న ఒక యువ గుమాస్తా అక్కడికి ఎన్నికల అధికారిగా వెళతాడు. నియమం తప్పరాదన్న పట్టుదల అతనిది. పని త్వరగా ముగించి క్షేమంగా తిరిగిపోవలెనన్నది భద్రతాధికారి ఆత్మాసింగ్ తొందర. వీరిద్దరి నడుమ స్థానిక ఉపాధ్యాయిని మల్కో గోండికి, హిందీకి వారధిగా నిలుస్తుంది. నగరానికి అడవి కొన్ని గంటల దూరమే అయినా న్యూటన్‌కు తమను గురించి ఏమీ తెలియదని ఆమె నిష్ఠూరం లేకుండా చెబుతుంది. నిరాశావాదివా అని అతడు అడిగితే, తాను ఆదివాసినని మాత్రమే బదులిస్తుంది. ఆ సమాధానంలోని ధ్వని వంద ఉపన్యాసాలకు అందదు. తనకు తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొన్నది కనుకనే ఈ చిత్రం చేసిన ఋణం చిన్నది, తీర్చినది పెద్దది. ఆస్కారుకు భారతదేశపు ప్రవేశంగా ఎంపికైన వార్త కూడ విడుదలనాడే వచ్చినది. అక్కడ తుదిజాబితాకు చేరకపోయినంతమాత్రాన చిత్రపు విలువ తగ్గలేదు. లోపం లేదని కాదు. కథ న్యూటన్ కళ్లతోనే నడుస్తుంది. ఓటర్లు చాలవరకు గుంపుగానే మిగిలిపోతారు. మల్కో వేషం వేసిన అంజలి పాటిల్ మహారాష్ట్రవాసి. అయినా ఆ గుంపుకు తనదైన భాష ఒకటున్నదని, అది మనకు అర్థం కాలేదని చిత్రం మరవదు.

ఈ దోషం హిందీవారిదేనని తెలుగువారు తృప్తిపడడానికి వీలులేదు. 2022 ఏప్రిల్ 29న వచ్చిన ‘ఆచార్య’ను గురించిన ఎదురుచూపు ఇంతంత కాదు. చిరంజీవి, రామ్‌చరణ్ కలిసి నటించడం, కొరటాల శివ దర్శకత్వం, ధర్మస్థలి అనే ఆలయపట్టణానికి వేసిన భారీ సెట్టు, అన్నీ ప్రరోచనకు అక్కరకు వచ్చినవి. అడవికి, గనితవ్వకానికి, సాయుధపోరాటానికి సంబంధించిన వస్తువే అది. కాని పాదఘట్టంలోని అడవిబిడ్డలకు రక్షకుని రాకకోసం నిరీక్షించడం తప్ప వేరే వ్యాపారం లేదు. రెండునెలలు తిరగకుండా జూన్ 17న వేణు ఊడుగుల ‘విరాటపర్వం’ వచ్చినది. అందులో వెన్నెల అనే పల్లెపిల్ల తాను చదివిన అక్షరాలను నమ్మి అడవికి వెళ్లి, ఆ నమ్మకానికి ప్రాణమే చెల్లిస్తుంది. ఈ రెండు చిత్రాలూ ఆశించిన ఆదరణ పొందలేదు. అయినా రెండింటినీ ఒకే ఖాతాలో వ్రాయడం న్యాయం కాదు. మొదటిది తన ప్రేక్షకునికి బాకీపడినది. రెండవదానికి ప్రేక్షకుడే బాకీపడినాడు.

బస్తరు విషయంలో ఇంకొక బాకీ కూడ ఉన్నది. 1957లో స్వీడను దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ నారాయణపూరు ప్రాంతపు మురియా ప్రజలతో ‘ఎన్ యుంగెల్‌సాగా’ అనే చిత్రం తీసినాడు. అప్పటికే ఆస్కారు అందుకొన్న దర్శకుడు ఆయన; సంగీతం రవిశంకర్‌ది. గఢ్‌బెంగాల్ గ్రామపు చెంద్రూ అనే బాలుడు ఆ చిత్రంతో దేశదేశాల ఎరుకపడినాడు. పెద్దవాడైన చెంద్రూ ఊళ్లోనే పేదరికంలో బ్రతికి 2013లో మరణించినాడు. తెరమీద అతని ముఖాన్ని చూసిన ప్రపంచానికి అతడేమనుకొన్నాడో వినే తీరిక చిక్కలేదు.

చిత్రాలకు కథలు, సంభాషణలు వ్రాసే తెలుగు రచయితలు నేడు దేశమంతటా ఉన్నారు. వారిలో ఎవరైనా రేపు అడవిని వస్తువుగా గ్రహించితే, ‘ఇదే సత్యం’ అన్న ప్రకటన వ్రాయడానికి పూర్వం తమ ప్రతిని ఒకసారి తిరగవేయవలె. రత్న తనంతట తాను పలికిన వాక్యం అందులో ఒక్కటైనా ఉన్నదా? ఉంటే దానిని గోండి ఎరిగినవారికి వినిపించి చూడవచ్చును. ఆ భాష మనకు బంధువు. భద్రాచలం దాటి శబరి వెంబడి వెళితే ఆ పలుకు వినబడేచోటు ఎంతో దూరం లేదు.