వ్యాకరణం ఎవరి పక్షం?

భాషలో ఏది ఒప్పు, ఏది తప్పు అన్న ప్రశ్నను పండితుల పంచాయితీగా కొట్టిపారేసేవారు మనలో ఇంకా ఉన్నారు. వ్యాకరణం నిష్పాక్షికమైనదనీ, సామాజిక సంబంధాలకు అతీతమనీ వారి నమ్మకం. ఇంగ్లీషులో ‘దే’ అనే సర్వనామం చుట్టూ రెండున్నర శతాబ్దాలకు పైగా సాగుతున్న వివాదాన్ని పరిశీలిస్తే ఆ నమ్మకం ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

వివాదం ఇది. ‘దే’ బహువచన సర్వనామం. కాని స్త్రీయో పురుషుడో తెలియని ఒక వ్యక్తిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషువారు 14వ శతాబ్దం నుంచీ ఆ మాటను వాడుతూనే ఉన్నారు. షేక్‌స్పియర్ వాడాడు, జేన్ ఆస్టిన్ వాడింది. 18వ శతాబ్దపు వ్యాకర్తలు కొందరు దీన్ని తప్పన్నారు. అలాంటిచోట పురుషవాచకమైన ‘హి’ ఇద్దరికీ చెల్లుతుందన్నారు. ఆ శతాబ్దం మధ్యలోనే ఈ మాట రాసినవారిలో ఆన్ ఫిషర్ అనే ఉపాధ్యాయిని ఉండడం గమనించదగ్గ విషయం. ఆధిపత్య భావజాలం ఆధిపత్యానికి లోబడినవారి కలంలోంచి కూడా పలుకుతుంది. 1795లో వచ్చిన లిండ్లీ ముర్రే వ్యాకరణం ‘దే’ ఏకవచన ప్రయోగాన్ని దోషాల జాబితాలో చేర్చి, తరతరాల బడిపిల్లలకు నూరిపోసింది.

ఈ నియమానికి తర్కం ఆధారమని చెప్పుకున్నారు. ఒకరు అనేకులు కాలేరట! మరి ఒక స్త్రీ పురుషుడు ఎలా అవుతుంది? వచన దోషం పాపమైతే లింగ దోషం పుణ్యం ఎలా అయింది? పైగా నేడు ఏకవచనంలో ఎవరూ ఆక్షేపించని ‘యూ’ ఒకప్పుడు బహువచనమే. 1660లో జార్జ్ ఫాక్స్ అనే క్వేకర్ మతాచార్యుడు ఒక వ్యక్తిని ‘యూ’ అనడం తప్పని పుస్తకమే వెలువరించాడు. చరిత్ర ఆయన మాట వినలేదు. తర్కం అందరికీ ఒకేలా వర్తించనప్పుడు అది తర్కం కాదు, పక్షపాతం.

ఆ పక్షపాతానికి ఫలితం ఏమిటో న్యాయస్థానాలు చూపించాయి. చట్టాల్లో పురుషవాచక పదాలు స్త్రీలకు కూడా వర్తిస్తాయని 1850లో బ్రిటిష్ పార్లమెంటు శాసించింది. 1867 నాటి సంస్కరణ చట్టం ఓటు హక్కును ‘మ్యాన్’ అనే మాటతో విస్తరించినప్పుడు మాంచెస్టర్ మహిళలు 5,346 మంది ఆ సూత్రం ఆధారంగానే ఓటు అడిగారు. 1868లో కోర్టు కాదు పొమ్మంది. శాసనానికి లోబడవలసినప్పుడు ‘హి’లో స్త్రీ ఉంది. శాసనకర్తను ఎన్నుకోవలసినప్పుడు లేదు. మన దేశంలోనూ ఇదే జరిగింది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో ఇదే సూత్రం ఉంది. అయినా 1916లో రెజీనా గుహ వకీలుగా నమోదు చేయమంటే కలకత్తా హైకోర్టు నిరాకరించింది. అందుకు 1923లో ప్రత్యేక చట్టం కావలసి వచ్చింది. ‘హి’ ఇద్దరికీ చెల్లుతుందన్న వ్యాకర్తల మాటలోని డొల్లతనానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగు పాఠకులకు ఈ వివాదం పరాయిది కాదు. తలుపు చప్పుడైతే మనం “ఎవరో వచ్చారు” అంటాం. వచ్చింది ఒక్కరే. ఆడో మగో తెలియదు కనుక బహువచనం వాడాం. ఇంగ్లీషు వ్యాకర్త తప్పన్న పని మన ఇళ్ళలో రోజూ జరుగుతుంది. అర్థం చెడిందని ఎవరూ అనలేదు. అయితే మన వ్యాకరణం నిర్దోషి అని మురిసిపోనక్కర్లేదు. పురుషుణ్ణి ‘మహత్తు’ అన్నదీ, ఏకవచన క్రియలో స్త్రీని పశువుతో, రాయితో జతచేసినదీ మన వ్యాకరణమే. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ – క్రియ ఒక్కటే. ఇది వాడుకే కదా అనవచ్చు. నిజమే. వాడుకలోనూ సమాజపు చేవ్రాలు ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడ గిడుగు రామమూర్తిగారిని తలుచుకోవాలి. 1762లో ఇంగ్లీషు వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ షేక్‌స్పియర్, మిల్టన్ వంటివారి వాక్యాలను తప్పులకు ఉదాహరణగా చూపాడు. గిడుగువారు కూడా శిష్టుల రచనలను గాలించారు. కాని తీర్మానం తలకిందులు చేశారు. వాడుక నియమానికి లొంగకపోతే తప్పు నియమానిదే అన్నారు. సాక్ష్యం ఒకటే, తీర్పులు రెండు. తేడా పాండిత్యంలో లేదు, పక్షంలో ఉంది.

అయితే సర్వనామం మారితే సమాజం మారిపోతుందనుకోవడం అమాయకత్వం. 1928లో ఇంగ్లండు స్త్రీలకు పురుషులతో సమానంగా ఓటు తెచ్చింది పోరాటం, వ్యాకరణం కాదు. 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు సంస్థ ‘దే’ను ఆ సంవత్సరపు పదంగా ప్రకటించింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన మన భారతీయ న్యాయ సంహిత ‘హి’ అంటే పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్ ఎవరైనా కావచ్చంటూ నిర్వచనాన్ని విస్తరించింది. ఆ మేరకు అది ముందడుగే. కాని గుమ్మం మీద పేరు మాత్రం ఇంకా ‘హి’దే!

కనుక ఒక రచనలో ‘తప్పు’ కనిపించినప్పుడు విమర్శకుడు ఎర్రసిరా కలం తీయడానికి ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట ఎవరి నోట ఉంది? దీన్ని తప్పన్న నియమం ఎవరికి మేలు చేసింది? సాహిత్య విద్యార్థులు పరీక్షకు అవసరమైన వ్యాకరణం నేర్చుకోవలసిందే, అది బతుకుతెరువుకు పనిముట్టు. కాని పనిముట్టును పూజాపీఠం ఎక్కించనక్కర్లేదు. సూత్రం కంఠస్థం చేసిన నాడే దాని చరిత్ర కూడా చదవడం అభ్యుదయ విమర్శకు కనీస బాధ్యత.