చీనీకాయ పొయ్యెక్కితే

క్రిస్మస్ సెలవులకు కేకు చేస్తానని కడపలో మా మేనకోడలు సూపర్ మార్కెట్టుకు పోయి, ఒక్కోదానికీ స్టిక్కరు అంటించిన విదేశీ నారింజలు తెచ్చింది. సముద్రాలు దాటి వచ్చిన పండ్లు! అదే రోడ్డు మీద తోపుడుబండి నిండా చీనీకాయలు. నాకు ఒళ్ళు మండింది.

"చీనీకాయలేం పాపం చేసినాయే?"

"దాని తొక్క గీకితే పసరు వాసనొస్తాది మామా. కేకుకు పనికిరాదు."

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా చీనీ పక్షపాతం కొత్త కాదు. కోస్తా బంధువులు బత్తాయి అని పిలిచి, పండలేదనుకుని పక్కన పెట్టే కాయ ఇది. తొక్క నారింజరంగు తిరగాలంటే రాత్రుళ్ళు బాగా చల్లబడాలి. అప్పుడే అందులోని పత్రహరితం విరుగుతుంది. మా సీమలో అంత చలెక్కడిది? లోపల తీపెక్కినా పైన పచ్చదనం పోదు. బోర్లు ఎండిన ఏళ్ళలో పులివెందుల వైపు రైతులు ట్యాంకర్లతో నీళ్ళు తోలి ఈ చెట్లను బతికించుకున్నారు. అలాంటి కాయను కాదని స్టిక్కరు పండా? పైగా దూరం నుంచి వచ్చే ఆ పండ్లకు మైనం పూస్తారు, బూజు పట్టకుండా మందూ వాడతారు. కేకులో వేయాల్సింది ఆ తొక్కనే కదా!

చివరికి ఒప్పందం కుదిరింది. నా మాట మీద చీనీకాయతో ఒక కేకు, తన పంతం కొద్దీ పెరట్లో కాసిన దబ్బకాయతో ఇంకొకటి. స్టిక్కరు పండ్లు ఫ్రిజ్‌లోకి పోయాయి.

ఓవెన్ వేడెక్కుతుంటే నాకు కర్నూలు భట్టీ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఓవెన్ ఉన్న ఇల్లే ఎరగం. అయినా డబ్బాల నిండా ఇంటి బిస్కెట్లుండేవి. వేసవి సెలవుల్లోనో, రంజాన్ ముందో మైదా, చక్కెర, డాల్డా, యాలకులు సంచిలో వేసుకుని బేకరీ వెనక భట్టీకి పోయేవాళ్ళం. సరుకు మనది, నిప్పు వాళ్ళది. కూలీ కిలో లెక్కన. మాస్టరు ముందు డాల్డా, చక్కెర కలిపి అరచేత్తో బల్లమీద రుద్దుతూనే ఉండేవాడు. అది తెల్లబడి నురగలా తేలికయ్యాకే మైదా పడేది. మన డాల్డా పక్కవాళ్ళ ముద్దలో కలిసిపోతుందేమోనని మా అమ్మ కళ్ళార్పకుండా కాపలా కాసేది. ఉండలు చేసి, బొటనవేలితో నొక్కి, నల్లబడిన రేకుల మీద వరసగా పేర్చి, పొడుగాటి కర్రతో లోపలికి తోసేవాళ్ళు. తారుమారు కాకుండా ఇంటింటికీ ఒక గుర్తు. మావాటి మీద జీడిపప్పు బద్ద, ఎదురింటి ఖాలా వాళ్ళవాటి మీద ఫోర్కు గీతలు. వేడి మీద డబ్బాలో పోస్తే మెత్తబడతాయని అక్కడి అరుగు మీదే ఆరబెట్టుకుని, ఎవరి బిస్కెట్లు బాగా విచ్చుకున్నాయో తీర్పులు చెప్పుకునేవాళ్ళం.

ఆ బిస్కెట్లకు పండు వాసన తెలీదు. ఆమాటకొస్తే మన తీపి వంటల్లో పులుపు ఎక్కడా ఎదురుపడదు. భక్ష్యాల్లో లేదు, కజ్జికాయల్లో లేదు, పాయసంలో పిండితే పాలు విరుగుతాయి. బేకరీ దిల్‌పసంద్‌లో ఎర్రగా, ఆకుపచ్చగా మెరిసే టూటీ ఫ్రూటీ కూడా పచ్చి బొప్పాయే. అలాగని నిమ్మకాయకు మిఠాయిలో పని లేదనుకోకండి. బాదుషా పాకంలో నాలుగు చుక్కలు పిండకపోతే మర్నాటికి పలుకులు కట్టి గరగరలాడుతుంది. పులుపు చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొట్టి, పాకం గడ్డకట్టకుండా ఆపుతుంది. ఇంత చేసినా పేరు మాత్రం బాదుషాకే.

కేకులు బయటికొచ్చాయి. చీనీ కేకు బద్ధకంగా పొంగింది. వంటసోడా పని చెయ్యాలంటే పులుపు తగలాలి, చీనీరసంలో అది అంతంతమాత్రం. వాసన చూస్తే వనిల్లానే తెలుస్తోంది. మింగాక నాలుక మీద సన్నటి చేదు. చీనీరసం తీసి ఉంచితే చేదెక్కుతుందని జ్యూస్ బండి కుర్రాడిని అడిగినా చెబుతాడు. లిమోనిన్ అనే పదార్థం అందులో మెల్లగా తయారవుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా.

దబ్బకాయతో ఆ పిల్ల చేసిన పని చూడాలి. తెల్లటి పొర తగలకుండా పైపొరను మాత్రం తురిమి, ఆ తురుమును చక్కెరలో వేసి వేళ్ళతో నలిపింది. చూస్తుండగానే చక్కెర తడిసి లేత పసుపు తిరిగింది. వాసనంతా తొక్కలోని నూనెలోనే ఉంటుంది, ఆ నూనెను చక్కెర పట్టేసుకుంది. పెరుగు, మైదా, సోడా, రెండు చెంచాల దబ్బరసం కలిపిందే ఆలస్యం, పొంగు చల్లారకముందే ఓవెన్‌లో పెట్టింది. అది ఉడుకుతుంటేనే వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది.

ఊరగాయకూ పులిహోరకూ తప్ప మనం పిలవని దబ్బకాయే కేకుకు అసలు చుట్టమని నా తీర్పు. చీనీకాయ గొప్పంతా రసంలో ఉంది, అదీ కోసిన నిమిషంలో. దాన్ని ఓవెన్‌లోకి తొయ్యడం అభిమానం అనిపించుకోదు. చక్రాల్లా కోసి, ఉప్పూకారం చల్లి, మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తినాలి. రైతు మీద ప్రేముంటే డజన్ల కొద్దీ కొని అలాగే తినండి. దబ్బకాయలంటారా, చెట్టున్న ఇంట్లో అడిగితే ఉత్తినే కోసిస్తారు. కాకపోతే కేకులో వాళ్ళకూ ఒక ముక్క బాకీ పడతాం.