తిరుగుబాటుదారు కొడుకు, సేనాపతి కూతురు

రెబెక్కా యారోస్ అనే అమెరికన్ రచయిత్రి ‘ఫోర్త్ వింగ్’ నవల 2023 మే నెలలో వెలువడింది. రెండో భాగం అదే సంవత్సరం నవంబరులోనూ, మూడో భాగం 2025 జనవరిలోనూ వచ్చాయి. మూడో భాగం మొదటి వారంలోనే 27 లక్షల ప్రతులు అమ్ముడైందని ప్రచురణకర్తలు ప్రకటించారు. ఇటువంటి అంగడి సరుకును మన పత్రికలో చర్చించడం దేనికని కొందరు మిత్రులు అడగవచ్చు. సరుకు మన అంగడికీ వచ్చింది కనుక చర్చించాలి. సిరిసిల్లలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఈ పుస్తకాన్ని నాకు ఇచ్చి చదవమంది. తండ్రి సాంచాల మీద పనిచేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. ఆమె ఈ నవలను రెండుసార్లు చదివింది. ఆమె ఎందుకు చదివిందో తెలుసుకోకుండా ‘పలాయనవాదం’ అని ఒక ముద్ర కొట్టి పక్కన పెట్టడం విమర్శ అనిపించుకోదు.

కథ ఇది. నవార్ అనే కల్పిత రాజ్యంలో బాస్గియాత్ అనే యుద్ధ కళాశాల ఉంది. అక్కడ డ్రాగన్ల మీద స్వారీ చేసే యోధులను తయారుచేస్తారు. వయొలెట్ సారెంగేల్ బలహీనమైన కీళ్లతో పుట్టిన పిల్ల. తండ్రిలాగా గ్రంథాలయంలో లేఖకురాలిగా బతకాలనుకుంటుంది. సేనాపతి అయిన తల్లి ఆమెను బలవంతంగా యోధుల విభాగంలోకి నెడుతుంది. మొదటి రోజే సన్నటి రాతి వంతెన దాటాలి. కాలు జారినవాళ్లు లోయలో పడి చస్తారు. ప్రతి ఉదయం చనిపోయినవారి పేర్లు చదువుతారు, శిక్షణ కొనసాగుతుంది. అదే కళాశాలలో జేడెన్ రియర్సన్ అనే యువకుడున్నాడు. అతని తండ్రి తిరుగుబాటు నాయకుడు. ఆ తిరుగుబాటును అణచి నాయకులను చంపించిన వారిలో వయొలెట్ తల్లి ముఖ్యురాలు. తిరుగుబాటుదారుల పిల్లలందరి ఒంటిమీదా చెరగని ముద్రలు వేసి, తమ తల్లిదండ్రులను చంపిన సైన్యంలోనే వాళ్లను చేర్చారు. వాళ్లు గుంపుగా కూడితే మరణశిక్ష. ఈ ఇద్దరి మధ్య మొదట ద్వేషం, తర్వాత మోహం, ఆపైన ప్రేమ.

ఈ ఇతివృత్తం జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల పాఠకులకు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు కదిలి జైత్రయాత్ర జరిపారు. అదే సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నలుగురు కలిసి కూచుంటే నేరమైన రోజులు ఇక్కడి పెద్దలకు తెలుసు. ఒంటిమీద ముద్ర వేయకపోయినా, ఫలానావాడి కొడుకు అనే మాట ముద్రలాగా వెంటాడిన కుటుంబాలున్నాయి. కనుక అంగడిలో అమ్ముడుపోవడం ఈ నవల తప్పు కాదు. మనకు బాగా తెలిసిన ఈ వస్తువును అది ఏం చేసింది అన్నదే మన ప్రశ్న.

మొదట దాని బలం ఒప్పుకోవాలి. నవార్ పాలకులు చరిత్రను దాస్తారు. సరిహద్దు అవతల జనం చస్తున్నారని తెలిసీ, ఆ శత్రువు పుక్కిటి పురాణమని పిల్లలకు పాఠం చెబుతారు. గ్రంథాలయంలో ఉండవలసిన పుస్తకాలు ఉండవు. తండ్రి మిగిల్చిన కథల పుస్తకంలో ఉన్నదే నిజమని వయొలెట్‌కు చివరికి తెలుస్తుంది. అధికారిక చరిత్ర అబద్ధం, జానపద కథ నిజం అని కోట్లాది పేజీల వినోద సాహిత్యం మధ్యన ఒక నవల చెప్పడం చిన్న విషయం కాదు. ముద్రపడిన పిల్లలు రాత్రి చెట్టుకింద కూడినట్టు చూసి కూడా వయొలెట్ ఎవరికీ చెప్పదు. ఆమె మంచితనం అక్కడ చట్టాన్ని ధిక్కరించే మంచితనం.

అయినా ఈ బలం ఎంతోదూరం సాగదు. దానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, ఈ తిరుగుబాటుకు నేల లేదు. జేడెన్ తండ్రి ఒక ప్రాంతానికి ప్రభువు. పాలకులు దాచిన ఒక రహస్యం ప్రభువులకు తెలియడం వల్ల తిరుగుబాటు పుడుతుంది. ఆ సైన్యానికి తిండి ఎవరు పండిస్తారు, పన్ను ఎవరు కడతారు అన్న ప్రశ్న కథకు పట్టదు. కరీంనగర్ జిల్లా రైతాంగ పోరాటం నుంచి పుట్టిన అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’ని దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ తిరుగుబాటు భూమి నుంచీ, వెట్టి నుంచీ, దొర గడీ నుంచీ పుడుతుంది. ఇక్కడ తిరుగుబాటు కథానాయకుడి వీపు మీద మచ్చలుగా మాత్రమే మిగులుతుంది. 107 మంది పిల్లల బాధ్యత తనదని ఒప్పుకున్నందుకు అతని వీపు మీద 107 గాట్లు పెట్టారు. ఆ పిల్లల బతుకులు కథలో నేపథ్యంగా ఉండిపోతాయి. ఆ గాట్లు ప్రియుడి సౌందర్యంలో భాగమవుతాయి.

రెండోది ఇంకా ముఖ్యమైనది. ఈ నవలలో శిక్షణ క్రూరత్వమే ప్రేమకు పరీక్ష. వంతెన మీద నుంచి పడిపోయినవాళ్లు పడిపోగా, మిగిలినవాళ్లు ప్రేమకు అర్హులవుతారు. వయొలెట్ ఎంత దెబ్బతింటే అంత యోగ్యురాలవుతుంది. పాలకులు అబద్ధాలకోరులని నవల చెబుతుంది గాని, పిల్లలను లోయలోకి తోసే ఆ కళాశాల ఉండవలసిన అవసరమేమిటని మొదటి భాగం ఎక్కడా గట్టిగా అడగదు. హింస మీద కోపం రావలసిన చోట మనకు ఉత్కంఠ కలుగుతుంది. ఆ పిల్ల బతికితే చాలుననుకుంటాం, చనిపోయినవాళ్ల పేర్లు మరచిపోతాం.

ఇదే వస్తువును మరోలా చిత్రించవచ్చుననడానికి ఉదాహరణ ఉంది. పెరూ రచయిత మారియో వర్గాస్ లోసా 1963లో ‘ది టైమ్ ఆఫ్ ది హీరో’ ప్రచురించాడు. లిమా నగరంలో తాను చదివిన లియోన్సియో ప్రాదో సైనిక పాఠశాలే ఆ నవలకు రంగస్థలం. కొత్తగా చేరినవాళ్లను అక్కడ ‘కుక్కలు’ అంటారు. అందరూ హింసించే ఒక పిల్లవాడు, బానిస అని పేరుపడ్డవాడు, తెరెసా అనే అమ్మాయిని చూడడానికి సెలవు కోసం తోటివాడి దొంగతనం బయటపెడతాడు. తర్వాత యుద్ధ విన్యాసాల్లో గుండు తగిలి చస్తాడు. అధికారులు దాన్ని ప్రమాదమని మూసేస్తారు. నిజం చెప్పబోయిన ఆల్బెర్తో నోరు ఎలా మూయించారో గమనించాలి. అతను డబ్బుకూ సిగరెట్లకూ తోటి విద్యార్థులకు బూతు కథలు రాసి అమ్మేవాడు. ఆ కథల కాగితాలు చూపించి బెదిరించారు. విచారణ జరగాలని పట్టుబట్టిన గంబోవా అనే అధికారిని మారుమూలకు బదిలీ చేశారు.

లోసా తర్వాతి కాలంలో మితవాద శిబిరానికి వెళ్లిపోయాడు. ఆయన రాజకీయాలతో మనకు పేచీ ఉంది. కానీ ఆ నవలలో ప్రేమ కూడా ఉంది, క్రూరమైన శిక్షణ కూడా ఉంది. శిక్షణ ప్రేమను కుళ్లబెడుతుంది. ఒక అమ్మాయిని చూడాలన్న చిన్న కోరిక ఒకరిని ద్రోహిగా మార్చి ప్రాణం తీస్తుంది. యారోస్ నవలలో శిక్షణ ప్రేమను మెరుగుపెడుతుంది. సంస్థ స్వభావం గురించి ఇద్దరిలో ఎవరు నిజం చెప్పారో సైనిక శిబిరాల పక్కన బతికిన వాళ్లకు వివరించనక్కరలేదు.

ఇంతవరకూ చెప్పింది సిరిసిల్ల అమ్మాయికి కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని రెండు మాటలంది. మొదటిది: “పొద్దుగాల సచ్చినోళ్ల పేర్లు సదువుడు మాకు కొత్తనా సార్? మేం ఇంటర్ల హాస్టల్ల ఉన్నం. మార్కుల లిస్టు గోడకంటించేటోళ్లు.” ఈ మాట ముందు నా విశ్లేషణ కొంత తగ్గింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. బాస్గియాత్ ఆమెకు కల్పిత రాజ్యంలోని కళాశాల కాదు. పడిపోతానన్న భయంతో ప్రతి ఉదయం నిద్రలేచిన చోటు. బలహీనమైన ఒళ్లున్న ఒక ఆడపిల్ల అక్కడ పడిపోకుండా నిలబడడం ఆమెకు ధైర్యం ఇచ్చింది. ఆ ధైర్యం నిజం. అయితే ఆ ధైర్యం ఒంటరి ధైర్యం. గోడ మీది లిస్టును చింపుదామని అది చెప్పదు, లిస్టులో నీ పేరు పైకి తెచ్చుకోమంటుంది.

ఆమె రెండో మాట: “మీరిచ్చిన నవలలల్ల ఆడపిల్ల పానమిచ్చుడే ఉంటది గని మనసిచ్చుడు ఉండది సార్.” దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఉద్యమ సాహిత్యంలో స్త్రీ తల్లిగా, అమరుడి భార్యగా, సహచరిగా ఎన్నోసార్లు వచ్చింది. కోరిక ఉన్న మనిషిగా, తప్పు మనిషిని ప్రేమించి నలిగిపోయే మనిషిగా అరుదుగా వచ్చింది. మనం ఖాళీగా వదిలిన గదిలోకే ఈ నవల వచ్చి కూచుంది. దాన్ని తిట్టినంత మాత్రాన ఆ గది నిండదు.

మన చుట్టూ వస్తువుకు కొదవ లేదు. బాస్గియాత్‌లో ముద్రపడిన పిల్లలను చట్టం సైన్యంలోకి నెట్టింది. మన దగ్గర ఆ పనిని పేదరికం చేస్తుంది. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత నాలుగోవంతు మందినే ఉంచుకుంటారు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో ఆ కొలువు కోసమే కలలుగన్న యువకులు ఆందోళనకు దిగితే, పోలీసు కాల్పుల్లో ఒకరు చనిపోయారు. సైన్యంలో చేరాలన్న కోరికా, రాజ్యం గుండూ ఒకే ఒంట్లో కలిసిన ఆ సంఘటనకన్నా చీకటి కథ ఏ డ్రాగన్ల దేశంలో ఉంది?

కోరుట్ల పొలిమేరలో తెల్లవారుజామున కానిస్టేబుల్ కొలువు కోసం 800 మీటర్లు ఉరికే ఆడపిల్లను ఊహించండి. ఆమె తాత 1978లో పోలీసు క్యాంపులో దెబ్బలు తిన్నవాడు. అన్న దుబాయిలో ఉన్నాడు. ఇంటికి జీతం కావాలి. శిక్షణలో ఆమెకొక తోటి అభ్యర్థి నచ్చాడు. అతని తాత ఆ క్యాంపులో లాఠీ పట్టినవాడు. ఆమెను రాజ్యానికి అమ్ముడుపోయిందని నిందించకుండా, ఆమె యూనిఫారాన్ని అలంకారం చేయకుండా, ఆమె మనసును దాచకుండా ఈ కథను ఎవరు రాస్తారు? సిరిసిల్ల అమ్మాయి నన్ను అడిగింది ఇదే. నేను మన రచయితలను అడుగుతున్నాను.